అరచేతిల తంబాకు

ధామన్కర్ నాకాల షేరింగ్ ఆటో ఎక్కిన. పక్కన బట్ట నేసే సాంచలు నడిపే పెద్దమనిషి, అంగీ నిండ పత్తి నూగు. తంబాకుల సున్నమేసి నలిపి, తను నోట్లేసుకునే ముందు అరచెయ్యి నా దిక్కు చాపిండు. సాంచల కాడ అదే మర్యాద.

"వద్దు కాకా. మంచిది కాదు, నువ్వు గూడ మానెయ్యి" అన్న.

కాకా నవ్విండు. "శానేండ్ల సంది దగ్గుకు దవఖానలు తిరుగుతున్న బిడ్డా. సూదులిచ్చిండ్రు, గోలీలు రాసిండ్రు. తంబాకు మానుమని ఒక్క డాక్టరన్న అనలే. అంత ఖరాబైతే చెప్పకపోదురా?"

నేనూ డాక్టర్నే. దగ్గుతోని వచ్చినోళ్లను తంబాకు తింటరా అని నేనూ ఎన్నడు అడగలే. కామత్‌ఘర్‌ల ఆయన దిగిపోయిండు.

ఇప్పుడు మందు రాసే ముందు అందరినీ అడుగుత, మానుమని చెప్త. మొన్న ఒకాయన నన్నే సూసుకుంట అడిగిండు: "ఇన్నేండ్ల సంది మీ దగ్గరికే వస్తున్న గద సారూ, ఇయ్యాల చెప్తున్నరేంది?"