పోర్తోలో నా కుంకుమ భరిణె

పోయిన వేసవిలో మావారితో పోర్చుగల్‌లోని పోర్తో నగరానికి వెళ్లాను. పాతబజారులోని వెండి నగల దుకాణంలో మా చెల్లెలికి కమ్మలు చూశాను. ఏవీ నచ్చక బయటికి వస్తుంటే, అమ్మే ఆమె నా సంచిలోకి చూసి చెయ్యి అడ్డం పెట్టింది. అందులో నా కరీంనగర్ వెండి భరిణె ఉంది. దాని మీద కూడా ఆ దుకాణం నగల్లాంటి సన్నటి తీగపనే. అది తన సరుకే అనుకుంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"పరేషాన్ గాకు. మూత తీసి సూపెట్టు," అన్నారు మావారు.

మూత తీశాను. లోపల సగం వాడిన కుంకుమ ఉంది. ఆమె ముఖం ఎర్రబడింది. నా చెయ్యి పట్టుకుని క్షమించమని అడిగింది.

మెట్‌పల్లిలో మాకు గాజుల దుకాణం ఉంది. ఎవరినైనా సంచి తెరిచి చూపమనడానికి ఇప్పుడు నాకు నోరు రావడం లేదు.