కంచం అంచున స్పెయిన్ కొండ

మా మెస్సులో రోజూ కిటికీ పక్కన కూర్చుని తినే చరిత్ర సారు పోయారు. మొన్న పొద్దున నేను వంకాయలు తరుగుతుంటే చిక్కడపల్లి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయారట. నాకు మాట్లాడటం తక్కువ, రాయడం ఇంకా తక్కువ. ఊరి బడి చదువు. అయినా ఆయన కంచం సంగతి నాకే బాగా తెలుసు కనుక రాస్తున్నాను.

సారు అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలకు చరిత్ర చెప్పేవారు. అన్నం పెట్టగానే ఒక ముద్ద విడదీసి కంచం పై అంచున పెట్టుకోవడం ఆయన అలవాటు.

"అన్నం ఇడిసిపెడితే నాకు మంచిగనిపియ్యదు సారూ" అన్నాను ఒకరోజు, ధైర్యం చేసి.

"ఇడిసిపెడ్త లేనన్నా, ఆఖరికి తింట. ఇది స్పెయిన్ కొండ" అన్నారు. "ఎనుకట అరబ్బులు సముద్రం దాటొచ్చి స్పెయిన్ గెలిచిన్రు. ఉత్తరాన కొండలల్ల జరంత మంది మిగిలితే, వీళ్లతోని ఏమైతదిలే అని వదిలేసిన్రు. వందల ఏండ్లకు గా మిగిలినోళ్లే పెరిగి దేశమంత తీసుకున్నరు, పడమర దిక్కు ఓడలు తోలి అమెరికా చేరిన్రు. నీ డబ్బాల మిరపకాయ గా ఓడలతోనే వచ్చింది. మరి ఈ ముద్ద గూడ అప్పుడే తినేసి ఉంటే?"

క్లాసులోనూ అదే అడిగేవారు. కోచింగ్ సెంటర్ నడిపే ఆయనకు అది నచ్చలేదు. ఒకనాడు మా మెస్సులోనే, అందరి ముందే అనేశాడు. "జరిగిందే పిల్లలు సరిగ రాస్తలేరు, జరగనిది ఎందుకు సార్? ఇట్లనే చెప్తే ఇంకొకర్ని చూసుకుంట."

సారుకు ఆ క్లాసే ప్రాణం. ఇంట్లో కొడుకులు అప్పటికే మానెయ్యమని పోరుతున్నారు. అయినా ఆయన తగ్గలేదు. "ఆదివారం క్లాసు ఈడనే పెడదాం. మీరూ భోజనానికి రండి. విన్నంక చెప్పుండ్రి" అన్నారు.

నాతో మాత్రం, ఆ ఓడలతో వచ్చిన మిరపకాయ, టమాట, ఆలుగడ్డ, పల్లీలు ముట్టకుండా వండమన్నారు. పచ్చిపులుసులో మిరియాలు దంచి వేశాను. వంకాయను నువ్వుల నూనెలో వేయించాను.

"ఏంది తాతా, జరమొచ్చినోళ్ల కూడు పెట్టినవ్!" అని పిల్లలు నవ్వారు.

సారు ఆ రోజు అంచున ఉన్న ముద్దను మొదటే తినేశారు. "కొండ పోయింది. స్పెయినంత అరబ్బులదే. ఇప్పుడు చెప్పుండ్రి."

"గట్లయితే మంచిగుంటుండెనా, చెడ్డగుంటుండెనా సార్?"

"మంచిచెడ్డలు తర్వాత. ఏం మారుతుండెనో చెప్పు."

నల్గొండ దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. "అరబ్బులకు ఓడలు తోలుడు రాదా సార్? మొత్తం వాళ్లదే అయితే వాళ్లే పోయి మిరపకాయ తెస్తుండిరి. ఇంక కొండకు, కాయకు ఏం సంబంధం?"

నేను భోజనానికి వచ్చిన సెంటర్ ఆయన ముఖం చూశాను. సారు కంచం ఖాళీ అంచును చూశారు. తర్వాత ఇల్లంతా మోగేలా నవ్వారు.

"కొట్టినవ్ బిడ్డా! ఇన్నేండ్ల సంది ఈ మాట ఎవరంటరా అని చూస్తున్న. అన్నా, ఇంకో ముద్ద పెట్టు."

ఇక వాదన ఆగలేదు. తెచ్చేవాళ్లని కొందరు, మన దేశానికొచ్చే తూర్పు దారి చేతిలో ఉంటే పడమరకు ఎందుకు పోతారని కొందరు. సెంటర్ ఆయనా అందులో దిగాడు. ఆయన చేతిలో అన్నం ఎండిపోయింది. పోతూ పోతూ, "వచ్చే ఆదివారం గూడ ఈడనేనా సార్?" అన్నాడు.

"జరిగింది చదివితే మార్కులొస్తయి, జరగనిది అడిగితే తెలివొస్తది" అనేవారు సారు. కాళ్లు సహకరించినంత కాలం ఆ ఆదివారాలు నడిచాయి.

నిన్న ఆ నల్గొండ అమ్మాయి వచ్చింది. ఇప్పుడు కొలువు చేస్తోంది. సారు ఇంటికి పోయి, అటునుంచి అటే వచ్చిందట. కిటికీ పక్కన కూర్చుని తిని, "పోయొస్త తాతా" అని వెళ్లిపోయింది.

కంచాలన్నీ కడిగాను. ఆ ఒక్కటి కడగబుద్ధి కాలేదు. పై అంచున ఒక ముద్ద ఉంది. దాని మీద ఆమె వేళ్ల అచ్చులు ఇంకా చెదరలేదు.