సందు ఇవ్వని ఊపిరి

మా పెద్దమ్మ చనిపోయిన సంగతి స్టూడియోకు ఫోన్ చేసి చెప్పింది నేనే. పావుగంటకల్లా డబ్బింగ్ వాళ్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది: "మన క్రౌడ్ పెద్దమ్మ ఇక లేరు. వారి ఆత్మకు శాంతి కలగాలి. రేపటి సెషన్‌కు ఒక లేడీ వాయిస్ తక్కువైంది, ఎవరైనా ఉంటే చెప్పగలరు." అప్పుడు నేను షేక్‌పేటలో ఆమె గడప ముందే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. లోపల ఇంకా స్నానం కూడా చేయించలేదు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగిపోయింది.

ఆ మెసేజ్ చదివితే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె ఖాళీని ఇంకో గొంతుతో నింపొచ్చన్నది అబద్ధం. ఊరికే ప్రేమకొద్దీ అంటున్న మాట కాదు. తర్వాత నా కళ్ల ముందే తేలిన విషయం.

ఆమె నాకు చుట్టం కాదు. మా పక్కింటి మనిషి. ముప్పై ఏళ్లు ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతుగా పనిచేసింది. పెళ్లిపందిట్లో గోల, శవం దగ్గర ఏడుపు, బస్సు బోల్తా పడితే కేక, సంతలో కొట్లాట. ఆమె గొంతు మీరు తప్పకుండా విని ఉంటారు. కానీ ఒక్క డైలాగు కూడా ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. గుంపు గొంతులు మైకుకు దూరంగా నిలబడాలి. మా థియేటర్లో నాలుగడుగుల వెనక నేల మీద నల్ల టేపు అంటించి ఉంటుంది. ఎవరైనా దాన్ని తొక్కితే లోపలి నుంచి స్పీకరులో వినిపిస్తుంది: "వెనక్కి జరగండమ్మా." ముప్పై ఏళ్లు ఆమె ఆ మాట విని జరిగింది.

డైలాగు ఇవ్వకపోవడానికి కారణం ఒకటే. ఆమెకు చదవడం రాదు. కాగితం చూసి గబగబా చెప్పేవాళ్లే మైకు దగ్గరికి వెళ్తారు.

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. అమ్మ జూబ్లీ హిల్స్‌లో రెండిళ్లలో వంట చేస్తుంది, నాన్నది సెంట్రింగ్ పని. తెలుగు ఎం.ఏ. అయ్యాక ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. పెద్దమ్మే చెయ్యి పట్టుకుని స్టూడియోకు తీసుకెళ్లింది.

"సారూ, మా పిల్ల. తెలుగు మంచిగ రాస్తది. జర చూడుండ్రి," అంది ఇన్‌చార్జితో.

ఆయన నవ్వారు. "నీకెలా తెలుసు పెద్దమ్మా? చదివావా ఏంటి?"

"చదువుడెందుకు సారూ, ఇన్న గదా!"

నిజంగానే వినేది. నేను రాసింది వినిపించడానికి మా ఇంట్లో ఎవరూ లేరు. అమ్మా నాన్నా పని నుంచి వచ్చేసరికి అలసిపోయి ఉండేవారు. సాయంత్రాలు పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, నేను స్క్రిప్టు చదివేదాన్ని. చెయ్యి ఆగిందంటే నా వాక్యంలో ఏదో తప్పు ఉన్నట్టే.

"గింత పొడుగు మాట ఎవ్వడంటడు బిడ్డా? నడుమ ఊపిరి తీస్కోనీకి జాగేది? సచ్చిపోతడు మనిషి!"

"ముందుగాల ఊపిరి రాయి, ఎన్క మాట రాయి," అని ఆమె చెప్పినప్పటి నుంచి నా స్క్రిప్టుల్లో ఊపిరి తీయాల్సిన చోట చిన్న సున్న చుడతాను. ఎం.ఏ.లో నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు.

ఆ తర్వాత మా స్టూడియోకు జపాన్ నుంచి ఒక యానిమే బొమ్మల సిరీస్ వచ్చింది. ఇరవై నాలుగు భాగాలు. అందులో ఒక సన్యాసిని ఉంటుంది. గుండు, ఉత్త కాళ్లు, చేతిలో ఇనుప కడియాలు వేలాడే పొడవాటి దండం. మఠం తగలబడిన రోజు నుంచి మౌనవ్రతం. మంత్రం నోటితో చదవదు, ఊపిరితోనే వేస్తుంది. గాలి పీలిస్తే దీపాలన్నీ ఆమె వైపు వంగుతాయి, వదిలితే శత్రువుల కత్తులు ఎండుటాకుల్లా ఎగిరిపోతాయి.

ఆమె ఊపిరి చప్పుళ్లు మిగతా పాత్రల జపాన్ మాటలతో కలిసిపోయి వచ్చాయి, కాబట్టి మళ్లీ చేయాల్సిందే. "మాటల్లేని పాత్రేగా, పెద్దమ్మ చేసేస్తుందిలే," అన్నారు ఇన్‌చార్జి. స్క్రిప్టులు మాకు ఒక్కొక్క భాగం చొప్పున వచ్చేవి. చివరిదాకా చూసినవాళ్లు ఎవరూ లేరు.

మొదటి భాగం చూసి పెద్దమ్మ నా చెవిలో అంది, "నోరు తెరువకుండనే గింత పని జేస్తుందా? గీమె మనోళ్ల మనిషే."

ఆ ఏడాది ఆమె పనిచేసిన తీరు మరచిపోలేను. షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్ ఎత్తంతా నడిచే వచ్చేది. యుద్ధం సీను ఉంటే మూడంతస్తులు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి నేరుగా వచ్చి టేపు వెనక నిలబడేది. "లిఫ్టుల ఎక్కితే ఊపిరి దొర్కది," అనేది. చేతికున్న మట్టిగాజులు చప్పుడు చేయకుండా వాటి చుట్టూ రుమాలు బిగించి కట్టేది. తీసేయమంటే మాత్రం ఒప్పుకునేది కాదు. ఓసారి మా గల్లీలో ఇద్దరు ఆడపిల్లలు, అప్పటికే ప్రసారమైన మొదటి భాగాలు చూసి, చీపురుకట్టను దండంలా పట్టుకుని, ఆ సన్యాసినిలా బుసకొడుతూ ఆడుకుంటున్నారు. కూరగాయల సంచితో వెళ్తున్న పెద్దమ్మ ఆగింది. "గట్ల గాదు పిల్లా, పొట్టల నుంచి తియ్యాలె," అని ఒకసారి చేసి చూపించింది. ఆ పిల్లలు చీపురు కింద పడేశారు.

ఇరవై నాలుగో భాగం వచ్చింది. అందరం కూర్చుని చూశాం. సన్యాసిని మఠం ద్వారానికి అడ్డంగా నిలబడింది. ఎదురుగా మాంత్రికుడి సైన్యం. ఆమె నోరు తెరిచింది. మాట్లాడింది!

"అయ్యో, ఈవిడ మాట్లాడుతుందా!" అని ఇన్‌చార్జి తల పట్టుకుంటే అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక ఆయన అన్నారు, "జనానికి తెలిసిన ఒక గొంతును పిలుద్దాం. ట్రైలర్‌లో పడే మాట ఇది."

"సార్, ఇరవై మూడు భాగాల ఊపిరి పెద్దమ్మదే కదా," అన్నాను.

"ఊపిరి వేరు, డైలాగు వేరమ్మా. నువ్వు రైటరువి, నీకు నేను చెప్పాలా?"

పెద్దమ్మ వెనక నుంచి మెల్లగా అంది, "సారూ, గామె వచ్చేదాంక నేను చెప్పి పెడ్త. ఆమె వచ్చినంక నాది తీసేయుండ్రి."

తాత్కాలికమే కదా అని ఆయన ఒప్పుకున్నారు. అలా ఆమె మొదటిసారి నల్ల టేపు దాటి ముందుకు వచ్చింది.

నేను రాసిన వాక్యం: "ఈ ద్వారం దాటి ఎవరూ వెళ్లలేరు." తెర మీద నోరు నాలుగుసార్లే తెరుచుకుంటుంది. ఎంత కోసినా పట్టడం లేదు.

"గా మాంత్రికుడు ఏమంటుండు బిడ్డా?"

"పక్కకు జరుగు అంటున్నాడు."

"మరి గీమె ఏమంటది? నేన్ జరగ అంటది. ఇంకేమంటది?"

రికార్డింగ్ దీపం వెలిగింది. సన్యాసిని పరుగెత్తి వచ్చి, దండం నేలకు కొట్టి, రొప్పుతూ నిలబడి, ఆ మాట అంటుంది. పెద్దమ్మ ఆ నిమిషమంతా ఒక్క బిగిన చేసింది. ఒక్కటే టేక్. తర్వాత మైకు స్టాండు మీద రుమాలు మడత పెట్టి ఉండడం చూశాను. కట్టుకోవడం మరచిపోయిందనుకున్నాను. మెట్లు దిగుతూ ఆమె నవ్వింది. "సందియ్యలే బిడ్డా," అంది. అర్థం కాలేదు, అయినా తలూపాను.

ఆమె పోయిన రెండు వారాలకు ఆ తెలిసిన గొంతు వచ్చింది. మంచి మనిషి, మంచి ఆర్టిస్టు. నాలుగక్షరాలు మూడు రకాలుగా చెప్పింది, మూడూ బాగున్నాయి. కానీ మా సౌండ్ ఇంజనీర్ అన్న, పెద్దమ్మ మాటను కోసి తీయబోయి ఆగిపోయాడు.

"సార్, ఊపిరి యాడ అయిపోతుందో, మాట యాడ సురువైతుందో తెలుస్తలేదు. నడుమ సందు లేదు. కోస్తే ఇద్దరు మనుషులైతున్నరు."

"అయితే ఊపిరి కూడా ఈవిడతోనే చేయించు."

ఊపిరి చేయించారు. అప్పుడు దాని ముందున్న యుద్ధంతో కలవలేదు. యుద్ధం మారిస్తే ముందు భాగంతో కలవదు. అలా వెనక్కి వెళ్తే మొదటి భాగం దాకా మార్చాలి. ఆ ఆర్టిస్టు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "సార్, ఇది అయిపోయిన పని. నన్నెందుకు పిలిచారు?"

"సరే, ఉంచేయండి," అన్నారు ఇన్‌చార్జి.

సందియ్యలే అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. తనను తీసేస్తారని ఆమెకు తెలుసు. బతిమాలలేదు, గొడవ పడలేదు. తీయడానికి వీల్లేని విధంగా పని చేసి, మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయింది.

తెలుగు పేర్ల జాబితా రాసేది కూడా నేనే. సన్యాసిని పాత్రకు ఎదురుగా ఆమె పూర్తి పేరు రాసి పంపాను. కొట్టేస్తే మళ్లీ రాస్తాను. ఆ పేరు మీరు తెర మీదే చదవాలని ఇక్కడ చెప్పడం లేదు. చివరి భాగం అయ్యాక తెర మీద పేర్లు పాకుతాయి. దాటేయకండి. కూర్చుని చదవండి. ఆమె చదవలేకపోయిన పేరు అది.

ఫైనల్ మిక్సింగ్ రోజు ఇంజనీర్ అన్న నన్ను పిలిచి ఆ చోటు ఒక్కటే మళ్లీ వినిపించాడు. సన్యాసిని పరుగెత్తి వచ్చి దండం నేలకు కొట్టింది. కడియాలు మోగాయి. వాటి వెంటే, రొప్పే ఊపిరిలో, సన్నగా ఇంకో చప్పుడు. ఇనుముది కాదు, మట్టిగాజులది.

"తీసేయాల్నా?" అన్నాడు.

"ఉండనీ అన్నా," అన్నాను.

తెర మీద గుండుతో, ఉత్త కాళ్లతో ఆమె ద్వారానికి అడ్డంగా నిలబడే ఉంది. గాజుల్లేని ఆ చేతుల నుంచి గాజుల చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.