గోడ మీది సుద్దరాత

చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక వన్ టౌన్‌లో మా డివిజన్‌కి కార్పొరేటర్ అయ్యారు. బడి వదిలినా జేబులో సుద్దముక్క వదల్లేదు. ఎవరైనా సమస్య చెబితే అర్జీ అడిగేవారు కాదు. వాళ్ల గోడ మీదే "కుళాయి" అనో "వీధి దీపం" అనో రాసి, పని పూర్తయ్యాక తానే వచ్చి జేబురుమాలుతో తుడిచేవారు.

"చెయ్యని పనులన్నీ ఊరందరికీ కనపడతన్నాయండీ" అని వెంట తిరిగేవాళ్లు మొత్తుకునేవారు.

"కనపడాలనేగా రాసేది" అనేవారాయన.

మా గోడ మీద "మురుగుకాల్వ" అని రాశారు. వాన కడిగేసినప్పుడల్లా వచ్చి మళ్లీ రాసేవారు. కాల్వ మాత్రం అయిదేళ్లయినా బాగుపడలేదు. విసుగొచ్చి, మొన్నటి ఎన్నికల్లో ఆయనకి ఓటెయ్యలేదు నేను. ఆయన ఓడిపోయారు.

మర్నాడు పెద్ద వాన. గోడ మీది రాత శుభ్రంగా కడుక్కుపోయింది. పోనీలే, ఆయనకీ ఒక బరువు తగ్గిందనుకున్నాను. వాన వెలిశాక తలుపు తీస్తే, మాస్టారు మా గోడని జేబురుమాలుతో తడి లేకుండా తుడుస్తున్నారు.

"ఇంకా మీకెందుకండీ మాస్టారూ?" అన్నాను.

"కొత్తాయనకి తెలియొద్దటమ్మా?" అంటూ సుద్దముక్క తీశారు.

నేను కాఫీ పట్టుకొచ్చేసరికి పక్కింటి గోడ దగ్గరున్నారు.