పొగగొట్టం పక్కన బరఫ్ పెట్టె

1957 ఎండాకాలంలో నన్ను మహబూబ్‌నగర్‌లోని ఒక ప్రభుత్వ శాఖ బండ్ల షెడ్డుకు హెడ్ మెకానిక్‌గా వేశారు. శాఖ పేరు రాయను, పింఛను ఇంకా వస్తోంది. షెడ్డులో నడిచే బండి ఒకటి, నడవనివి మూడు. నా కింద ముగ్గురు పనివాళ్లు. వాళ్లలో ఇద్దరికి నాకంటే ఎక్కువ పని తెలుసు కాబట్టి నా పేరు ముందు హెడ్ అనే మాట తప్పనిసరి అయింది.

నడవని మూడింటిలో ఒకటి యుద్ధం నాటి జీపు. ఎడమచేతి స్టీరింగు, నాలుగు చక్రాలకూ గేరు. అది పనికిరాదని ముందే కండెమ్ చేశారు. సర్కారులో ఒక బండి చావాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి. మళ్లీ బతకాలంటే మాత్రం ఒక్క అధికారికి బుద్ధి పుడితే చాలు. మా జిల్లా అధికారికి పుట్టింది.

కారణం మంచిదే, కాదనను. అమ్రాబాద్ గుట్టల మీద పశువులకు ముసర రోగం తగిలింది. నోట్లో పుండ్లు లేచి, నీళ్లలా పారుకుని, వారం తిరగకముందే పశువు పడిపోతుంది. ఒకదాన్నుంచి ఒకదానికి గాలిలా పాకుతుంది. దానికి టీకా ఉంది. కానీ సూది వేసే నిమిషం దాకా ఆ మందు మంచులోనే ఉండాలి, వేడి తగిలితే వట్టి నీళ్లతో సమానం. మంచు హైదరాబాద్ నుంచి రైల్లో రావాలి, అక్కణ్నుంచి అడవి దారిలో గుట్ట ఎక్కాలి. ఎడ్లబండి మీద వెళ్తే దారిలోనే కరిగిపోతుంది. అందుకే జీపు.

నెలన్నర ఆ జీపు మీద పడ్డాం. ఇంజను దించి బోరు చేయించాం, పిస్టన్లు మార్చాం, బరువు మోసే వెనక కమాన్ పట్టీలకు రెండేసి ఎక్కువ వేశాం. డిండి వాగు దాటేటప్పుడు నీళ్లు లోపలికి పోకుండా పొగగొట్టాన్ని వెనక ఎడమ మూల నుంచి నిలువుగా పైకి లేపాను. ఆ ఆలోచన నాదే. దాన్ని చూసి నాకు నేనే చాలాసార్లు ముచ్చటపడ్డాను.

ఆ తర్వాత అధికారిగారి జాబితా వచ్చింది. మడత మంచం, మడత కుర్చీ, బల్ల, వంటపెట్టె, స్నానానికి ఇత్తడి బిందె, కిటికీలే లేని బండికి ఆకుపచ్చ కర్టెన్లు. పశువులకు టీకా వేయడానికి స్నానపు బిందె ఎందుకని అడిగేంత పెద్ద ఉద్యోగం కాదు నాది. సామానంతా వెనక కుడివైపు సర్దాక, మంచు పెట్టెకు ఎడమ మూల మిగిలింది. జింకు రేకు అంటించి, రంపపు పొట్టు దట్టించిన మంచి పెట్టె. దానికీ పొగగొట్టానికీ మధ్య ఒక్క ఇనుప రేకు అడ్డం.

డ్రైవరు ఖాజామియా ఆ మూల దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "మేస్త్రీ సాబ్, ఘాటు రోడ్డెక్కుతుంటె గీ గొట్టం ఎర్రగ కాల్తది. బరఫ్ ఆగుతదా?" అన్నాడు. నీ పని స్టీరింగు తిప్పడం, అదే చూసుకో అన్నాను. డ్రైవర్ల అభ్యంతరం ఏదున్నా లాగ్ బుక్కులో రాయాలన్నది మా షెడ్డు నియమం. ఖాజా రాశాడు, ఉర్దూలో. అతనికి వచ్చిన చదువు అదే, మొన్నమొన్నటి దాకా దఫ్తర్లో నడిచిన భాషా అదే. కొత్తగా వచ్చిన అధికారిగారికి ఉర్దూ ఒక్క అక్షరం రాదు. రాదని చెప్పడం హోదాకు తక్కువ కాబట్టి, కింద "చూశాను" అని దర్జాగా సంతకం చేశారు. నేను ఉర్దూలో మెట్రిక్ దాకా చదివినవాణ్ని. చదివి, పుస్తకం మూసి, బండి ప్రయాణానికి తగినదని కాగితం రాసిచ్చాను. ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు ఆయన బల్ల మీద ఉంది.

పరీక్ష కూడా చేశాం. అధికారిగారిని ముందు కూర్చోబెట్టుకుని, ఖాళీ బండితో, షెడ్డు నుంచి రైలు స్టేషన్ దాకా చదును రోడ్డు మీద. ఆయన చాలా సంతోషించారు.

ఈలోపు గుట్ట మీది పల్లెలకు నోటీసు వెళ్లింది: ఫలానా రోజున పశువులన్నిటినీ మన్ననూరు దగ్గరి బయలుకు తోలుకురావాలి. అక్కడివాళ్ల పద్ధతి వేరు. రోగం వచ్చిందని తెలిస్తే మందను చీల్చి, నాలుగు పశువులొక గుట్టకు, నాలుగొక గుట్టకు తోలేస్తారు. ఒకరి పశువు ఒకరి నీళ్లు తాగనివ్వరు. ఇది మూఢనమ్మకమని మా నోటీసులో రాసి ఉంది.

బయల్దేరిన రోజు అధికారిగారు, ఖాజా, టీకాలు వేసే కాంపౌండర్, నేను డిండి వాగు దాటాం. ఇంజనులోకి చుక్క నీరు పోలేదు. నా పొగగొట్టం గురించి దారిపొడుగునా నేనే చెప్పుకున్నాను. అచ్చంపేట దాటాక గుట్ట ఎక్కే ఘాటు రోడ్డు మొదలైంది. నిండు సామానుతో, మొదటి గేరులో, గంటన్నర పైగా. పైకి చేరి కాంపౌండర్ పెట్టె మూత తీస్తే పొట్టు తడి ముద్దై ఉంది. మంచు లేదు. మందు సీసాలు గోరువెచ్చని నీళ్లలో తేలుతున్నాయి. మడత మంచానికి మాత్రం ఏమీ కాలేదు.

అధికారిగారు ఖాజా మీద విరుచుకుపడ్డారు, ముందే ఎందుకు చెప్పలేదని. ఖాజా లాగ్ బుక్కు తెరిచి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని నాకిచ్చి చదవమన్నారు. చదివాను. "గొట్టం పక్కన పెట్టె పెడితే ఘాటులో మంచు కరిగిపోతుంది." కింద ఆయన సంతకం. బయలు నిండా జనం చూస్తున్నారు. పుస్తకం మూసి ఖాజాకు తిరిగిచ్చాను.

అక్కడ అందరికంటే ముందు నిలబడినవాడు లింగయ్య అనే గొల్ల. అతనివి ఇరవై రెండు పశువులు, ఆ గుట్టల్లో పుట్టి పెరిగే పొడల ఎడ్లు, ఆవులు. ఇంకేమీ లేదు, పొలం కూడా లేదు. "మల్ల ఎప్పుడొస్తరు సారూ? గందాక మందలు ఇడగొట్టుకోమంటరా?" అని అడిగాడు. మళ్లీ పోగుచేయడం కష్టం, ఇక్కడే ఉంచండి అన్నారు అధికారిగారు. కాంపౌండర్ నోరు తెరవబోయి మూసుకున్నాడు. నేను తెరవనే లేదు.

ఆ సాయంత్రమే ఇనుము కోసే హాక్సా రంపం తెచ్చి పొగగొట్టాన్ని కోసేశాను. మంచం, బల్ల, బిందె అక్కడి బంగళాలో దించేశాం. మేం కిందికి దిగి కొత్త మందు, కొత్త మంచు తెచ్చేసరికి అయిదు రోజులు పట్టింది. ఈసారి పెట్టె ముందు సీటు మీద కూర్చుంది, నేను వెనక వేలాడాను. మంచు గడ్డ గడ్డలాగే చేరింది.

బయలు చేరేముందే వాసన తెలిసింది. మేం పోగుచేయించిన పశువుల్లో ఒకదానికి ముందే రోగం ఉంది. అయిదు రోజుల్లో అది మిగతావాటికి పంచింది. బాగున్నవాటికే టీకా పనికొస్తుందని కాంపౌండర్ ఏరి ఏరి వేశాడు. లింగయ్య మందలో ఏరడానికి ఎనిమిది మిగిలాయి.

నేను అతని దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. అతను నా వైపు చూడలేదు. ఒక దూడ మూతి తుడుస్తూ అన్నాడు. "సర్కారు మాట ఇనకపోయుంటె గుట్ట మీద బతుకుతుండె సారూ."

నా ఉద్యోగం ఆ నెలాఖరుకే పర్మనెంటు అయింది. జీపు బాగుచేసినందుకు మెచ్చుకోలు కాగితం కూడా ఇచ్చారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నిండు సామానుతో గుట్ట ఎక్కించకుండా ఏ బండికీ తగినదని కాగితం రాయలేదు. డ్రైవరు మాట అధికారి ఎదుటే పైకి చెప్పించి, ఆ తర్వాతే సంతకం పెట్టాను. ఇందుకు నన్ను మూడుసార్లు బదిలీ చేశారు. మూడుసార్లూ కొత్త ఊళ్లో అద్దె ఇల్లు దొరికింది. లింగయ్యకు పద్నాలుగు పశువులు దొరకలేదు.