ఎర్రమట్టి పట్టు

మట్టి పరీక్షల గదిలో ఆమెను అందరూ మొండి మేడమ్ అనేవారు. ఎదురుగానే అనేవారు. "మొండివాడు రాజుకంటే బలవంతుడన్నారు, నాకేం నష్టం?" అని నవ్వేసేది. ఇంట్లో వాళ్ళాయన కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే, "నువ్వూ ఆ ఎర్రమట్టీ ఒక్కటే తల్లీ, పట్టుకుంటే వదలరు," అనేవాడు.

అసలు గొడవంతా ఆ పట్టు గురించే. మట్టిలో బిగుసుకున్న పోషకాలను ఊడదీసుకోవడానికి మొక్కల వేళ్ళు పుల్లటి ఆమ్లాలు వదులుతాయి. వేడిదేశాల ఎర్రమట్టిలో ఇనుప తుప్పు ఎక్కువ. అది ఆ ఆమ్లాన్నే వచ్చింది వచ్చినట్టు గుంజుకు కూర్చుంటుంది. మళ్ళీ ఇస్తుందా, ఇవ్వదా? పెళ్ళయిన ఏడాదే ఉద్యోగంలో చేరింది మొదలు ఆమెకు ఇదే ధ్యాస. ఆమ్లం పట్టించిన మట్టిని గాజుగొట్టాల్లో వేసి శుద్ధమైన నీళ్ళతో కడిగేది. ఆ నీళ్ళలో ఆమ్లం జాడే ఉండేది కాదు. ఇంకో చుక్క ఏది కలిసినా ఆ గదిలో మహాపాపం. ఆ పద్ధతి ఆమెకూ వేదవాక్కే.

"మింగింది కక్కదమ్మా. దాని మీద ఆశ వదులుకో. సోమవారం నుంచి నీ పరీక్షల బల్ల ఎరువుల విభాగానికి," అన్నాడు పెద్దసారు.

"ఇవ్వను సార్."

"ఇవ్వకపోవడానికి అదేమైనా మీ పుట్టింటి బల్లా?"

"పుట్టింట్లో ఇంతకాలం ఉండలేదు సార్ నేను!"

సోమవారం వచ్చేసరికి బల్ల నిండా ఎరువులవాళ్ళ అట్టపెట్టెలు. ఆమె గొట్టాలు మట్టితో సహా తొట్టిలో సబ్బునీళ్ళలో మునిగున్నాయి. పెద్దసారే చొక్కా చేతులు మడిచి మరీ పడేశాడట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఆయన చూస్తాడని దిగమింగుకుంది. ఆ ఎర్రనీళ్ళే ఒక సీసాడు ముంచి, వడగట్టి, పరీక్షకు పెట్టింది. ఏదో దొరుకుతుందని కాదు, ఉత్త పంతం.

ఆమ్లం ఉంది!

నమ్మలేక విడిగా సబ్బునీళ్ళు కలిపి పరీక్షించింది. వాటిలో లేదు. సబ్బు డబ్బా తిప్పి చూస్తే ఫాస్ఫేటు. పొలంలో ఎరువుగా వేసేదీ అదే. మట్టి దాన్ని పట్టుకుని ఆమ్లాన్ని వదిలేసింది. ఓసి నీ దుంపతెగ, ఇన్నేళ్ళూ ఉత్త నీళ్ళతో నిన్నా నేను బతిమాలింది!

సీసా పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"కక్కింది సార్. మీరే కక్కించారు."

విన్నాక ఆయన గొంతు సవరించుకున్నాడు. "తొట్టిలో అంతా కలగాపులగం. అది లెక్కలోకి రాదు."

"రాదు. అందుకే మళ్ళీ మొదట్నుంచి చేస్తాను, ఆ బల్ల మీదే. ఎలా తెలిసిందని ఎవరైనా అడిగితే, మీరు కోపమొచ్చి సబ్బునీళ్ళలో పడేశారని ఉన్నదున్నట్టు చెబుతాను."

"మరి ఎరువులవాళ్ళు?"

"వాళ్ళ ఎరువు ఆ మట్టిలో ఏం చేస్తోందో తెలుసుకోవాలంటే నా బల్ల దగ్గరికొచ్చి నిలబడమనండి."

జవాబు కోసం ఆగలేదు. అట్టపెట్టెలు ఒక్కొక్కటే కిందికి దించి, తడి గొట్టాలను తెచ్చి వాటి చోట వాటిని నిలబెట్టింది.