కొంగు కింద లాప్‌టాప్ బేరం

నందూ, మొన్న వీడియో కాల్‌లో "అవ్వా, వెనక ఆ గుర్రు చప్పుడేంది, పిల్లిని సాదుతున్నవా?" అని అడిగావు. పిల్లి కాదు బిడ్డా, లాప్‌టాప్ ఫ్యాను. మీ చిన్నమ్మ సుజాత చదువు అయిపోయాక నాకు వదిలేసిన పాతది. కాసేపు వాడితే చాలు, వేడెక్కి గుర్రుపెడుతుంది. ఆ చప్పుడు వింటే గౌరమ్మక్క పక్కన కూర్చుని గొణుగుతున్నట్టే ఉంటుంది నాకు. మీరు ఆమెను చూడలేదు. చూసి ఉంటే మీరుండే పూణెలో ఆ కూరగాయలాయన మీ చెల్లెకు పుచ్చు వంకాయలు అంటగట్టగలిగేవాడు కాదు.

గౌరమ్మక్కది రామన్నపేటలో మా పక్కిల్లు. మాది మగ్గం ఇల్లు, ఆమెది మేకల దొడ్డి. భర్త పోయినప్పటినుంచి మందను తనే చూసుకునేది, అంగడిలో మగవాళ్లతో సమానంగా తనే బేరం చేసేది. అంగడిలో మేకల ధర పైకి చెప్పరు. పక్కవాళ్లకు తెలియకుండా తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. ఈమె తువ్వాలకు బదులు చీర కొంగు వాడేది. నేనేమో దుకాణంలో ధర తగ్గించమని అడగడానికే సిగ్గుపడి, చెప్పినంత ఇచ్చి వచ్చేదాన్ని. "నోట్ల బియ్యం పోసుకున్నవా ఏందే? అడిగితే ఏం పోతది?" అని తిట్టేది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు సుజాతకు నల్లగొండలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. చివరి ఏడు ప్రాజెక్టు చెయ్యాలి, లాప్‌టాప్ లేకపోతే కుదరదు. కొత్తది కొనే తాహతు మాకు లేదు. మీ తాత మగ్గం మీద నేసిన చీరలు షావుకారుకు వేసి తెచ్చిన డబ్బుకు పాతది ఒక్కటి వస్తుంది. అది చెడిపోతే ఇంకొకటి కొనలేం, పిల్ల చదువు అక్కడే ఆగిపోతుంది. "నాకు బుగులైతాందమ్మా" అంది సుజాత. నాకు అంతకంటే భయం. గౌరమ్మక్కను వెంట తీసుకెళ్దామన్నాను.

"అమ్మా, మనం కొనేది మేకను కాదే!"

"మేక కాకుంటేంది, అమ్మేటోడు మనిషే గద!" అని గోడ అవతలి నుంచి జవాబు వచ్చింది.

నల్లగొండలో గడియారం స్తంభం దగ్గరి సందులో దుకాణం. దుకాణదారు తళతళలాడే లాప్‌టాప్ ఒకటి ముందుపెట్టాడు. "ఓ ఆఫీసరు వాడిండమ్మా. కొత్తదాని లెక్కనే ఉన్నది." గౌరమ్మక్క దాన్ని తిరగేసి పొట్ట కింద అరచేయి పెట్టి చూసింది. మేక పళ్లు చూసినట్టు మీటల వరస మీద వేలు నడిపింది.

"ఇంత మంచిదైతే ఎందుకు అమ్మిండు?"

"కొత్తది కొన్నడమ్మా."

"మంచిది ఉండంగ కొత్తదెందుకు?"

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "జర గా తాడు పీకు. మేత ముందల పెడితే ఏ మేకయినా హుషారుగనే ఉంటది" అంది. ఆయన ఛార్జరు పీకాడు. మాకు చాయ్ వచ్చింది. చాయ్ తాగడం అయ్యేలోపే తెర నల్లబడింది.

"సచ్చింది."

"సావలేదమ్మా, బ్యాటరీ జర వీకు..."

"అయితే లేపు మరి."

అది లేవలేదు. సుజాత ఇంకొకటి ఎంచుకుంది. మీటల మీద అక్షరాలు అరిగిన నల్లటిది. లోపల తనకు కావలసినంత మెమరీ ఉందని పిల్ల మొహం వెలిగిపోతుంటే, గౌరమ్మక్క మూత మీద గుండ్రటి గీత చూసి అడ్డం తిరిగింది. "నడినెత్తిన సుడి ఉన్నది. ఇంటికి అచ్చిరాదు."

"పెద్దమ్మా, అది చాయ్ గ్లాసు మచ్చ!" సుజాత చున్నీ కొస తడిపి తుడిచింది. సుడి మాయమైంది.

గౌరమ్మక్క తగ్గలేదు. "కడిగితే పోయే సుడికి దోషం లేదు. తాడు పీకు."

సుజాత ఒక్కో మీట కొట్టి చూసింది, కెమెరా చూసింది, నెట్ కలిపి చూసింది. మేం తెచ్చుకున్న జొన్నరొట్టెలు అక్కడే విప్పుకుని తిన్నాం, దుకాణదారుకూ ఒకటి పెట్టాం. అప్పటికీ లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది.

అప్పుడు గౌరమ్మక్క కొంగు చాపి, దాని కింద ఆయన చేయి పట్టుకుంది. ఆయన బిగుసుకుపోయాడు. సరిగ్గా ఆ క్షణానే ఆయన భార్య టిఫిన్ డబ్బాతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏం నడుస్తాంది ఈడ?"

"బేరం" అంది గౌరమ్మక్క చేయి వదలకుండానే. "నా ధర నేను వేళ్లతోని ఎప్పుడో చెప్పిన. నీ పెనిమిటే ఉలుకుతలేడు, పలుకుతలేడు."

"అమ్మా, నాకేం సమజైతలేదు. మీరు ఎంతంటే అంత, జర చెయ్యి వదులుండ్రి!"

ఎంతో నోటితో చెప్పమంటే గౌరమ్మక్క చెప్పదు. ధర పైకి అనడం ఆమెకు తలవంపు. సుజాత నా వైపు చూసింది. గౌరమ్మక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ మంటకు నా నోరు దానంతటదే తెరుచుకుంది. "మా దగ్గర గీ పైసలే ఉన్నయి. బస్సు కిరాయి మిగలాలె. ఛార్జరు, సంచి మీరే ఇయ్యాలె. నెల లోపల ఖరాబైతే మార్చిస్తమని రసీదు మీద రాసియ్యాలె." అని నోరు మూసుకుని ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. నవ్వలేదు, సర్దుకోలేదు. ఆయన భార్యే ముందు నవ్వింది. "ఇచ్చెయ్యరాదు, అన్నం సల్లగైతాంది."

సుజాత ప్రాజెక్టు దాని మీదే పూర్తయింది, చదువూ పూర్తయింది.

ఆ తర్వాత గౌరమ్మక్కకు మోకాళ్లు పట్టేశాయి. అచ్చంపేటలో కూతురి దగ్గరికి పోతానని మంద మొత్తం అమ్మేసింది. మేకలను ఎక్కించుకుపోవడానికి ట్రాలీ వచ్చిన రోజు, ఆమె అందరినీ అడిగే ప్రశ్న నేను ఆమెనే అడిగాను. "అక్కా, ఇంత మంచి మందను ఎందుకు అమ్ముతున్నవ్?" మోకాళ్లంటుంది అనుకున్నాను. ఆమె మాత్రం కొంగు చాపి దాని కింద నా చేయి పట్టుకుంది. రెండు వేళ్లు నొక్కింది, ఆగింది, తర్వాత అరచేయి మొత్తం మూసి పట్టుకుంది. మేకలు ఎక్కేదాకా వదల్లేదు.

ఆమె ఇప్పుడు లేదు. నువ్వు కాలేజీకి పాత లాప్‌టాప్ కొంటావట కదా, తాడు పీకించి చూడు. ఎందుకు అమ్ముతున్నారో అడుగు. అడిగాక నోరు మూసుకుని కూర్చో. నాకు ఆమె నేర్పింది అంతే. వేళ్ల లెక్క మాత్రం నేర్పలేదు.

రెండు వేళ్లు, తర్వాత అరచేయి మొత్తం. అది ఎంత అయినట్టు, నందూ?